ఎస్‌తో ముగిసే ఏకవచన నామవాచకాలు: పొసెసివ్ రూపం రాయడం ఎలా?



ఇంగ్లీషు నామవాచకానికి అపాస్ట్రఫీ, ఎస్ చేర్చి పొసెసివ్ రూపం తయారుచేయడం కిందటి పాఠంలో తెలుసుకున్నారు. మన వ్యాకరణంలో షష్ఠీ విభక్తి చేసే పనిని అక్కడ ఈ రూపం చేస్తుంది. రాజు పుస్తకం “రాజు’స్ బుక్”, లక్ష్మి ఇల్లు “లక్ష్మి’స్ హౌస్”. ఇంతవరకు ఇబ్బంది లేదు. మరి పేరు చివరే ఎస్ ఉంటే? శ్రీనివాస్, దాస్, జేమ్స్, థామస్ వంటి పేర్లకు మళ్ళీ ఇంకో ఎస్ చేర్చాలా, అపాస్ట్రఫీ ఒక్కటి పెట్టి ఊరుకోవాలా? ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ఇంత చిన్న విషయానికి ఒక పాఠమా అని మీకు అనిపించవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మీలాగే దూరవిద్యలో చదువుతున్న ఒక విద్యార్థి పంపిన అసైన్‌మెంట్ దిద్దుతున్నాను. అందులో అతను “శ్రీనివాస్’స్ షాప్” అని రాశాడు. ఎస్ పక్కన ఎస్ రాకూడదని నేను చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నాను. ఎర్ర సిరాతో రెండో ఎస్ కొట్టేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపాను. అతని తర్వాతి అసైన్‌మెంట్‌లో “ద షాప్ ఆఫ్ శ్రీనివాస్”, “ద మదర్ ఆఫ్ శ్రీనివాస్”, చివరికి “ద చెప్పల్స్ ఆఫ్ శ్రీనివాస్” కూడా ఉన్నాయి. తరగతికి వచ్చినప్పుడు అడిగితే, “ఎస్ వచ్చిన చోట భయం సార్, ఏది రాసినా కొట్టేస్తారు” అన్నాడు. అతను మొదట రాసింది సరైన రూపమే. తప్పు నాది. ఆ భయం మీకు ఉండకూడదని ఈ పాఠం రాస్తున్నాను.

ఒక సూచన. ఇక్కడ ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాను. ’స్ అని ఉన్నచోట అపాస్ట్రఫీ, దాని తర్వాత ఎస్ ఉన్నట్టు. ఒట్టి ’ ఉంటే అపాస్ట్రఫీ మాత్రమే ఉన్నట్టు. పక్కన నోటుపుస్తకం పెట్టుకుని ప్రతి మాటనూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ, పైకి పలుకుతూ చదవండి. మౌనంగా చదివితే ఈ పాఠం సగమే అర్థమవుతుంది.

ముందు చెవితో వినండి

’స్ అని ఒకే విధంగా రాసినా దాన్ని మూడు విధాలుగా పలుకుతారు. అశోక్ అనే పేరు క అనే పరుష ధ్వనితో ముగుస్తుంది. దానికి చేర్చిన ఎస్‌ను స్ అనే పలుకుతాం: అశోక్స్. ప్రసాద్ పేరు ద అనే సరళ ధ్వనితో ముగుస్తుంది. అక్కడ అదే ఎస్ జ్‌గా మారుతుంది: ప్రసాద్‌జ్. ఈ జ్‌ను జెడ్ అక్షరానికి ఉన్న ధ్వనిగా పలకాలి, మన జడలో జ లాగా కాదు. అచ్చులతో, అనునాసికాలతో ముగిసే పేర్లకూ ఇంతే: లక్ష్మీజ్, కిరణ్‌జ్. పరుషాలు, సరళాలు అనే విభాగం మీకు తెలుగు వ్యాకరణంలో పరిచయమే కనుక దీన్ని కొత్తగా బట్టీ పట్టనక్కరలేదు.

మూడో పలుకుబడి మనకు ముఖ్యం. స, శ, చ, జ, జెడ్ వంటి బుసకొట్టే ధ్వనులతో మాట ముగిస్తే దాని వెంటనే ఇంకో స్ పలకడానికి నాలుక ఒప్పుకోదు. మధ్యలో ఒక ఇ చేరుతుంది. రమేశ్ పేరు చూడండి. “రమేశ్’స్ బుక్” అని రాసి రమేశిజ్ బుక్ అంటాం. జార్జ్ అయితే జార్జిజ్, మార్క్స్ అయితే మార్క్సిజ్, ఆలిస్ అయితే ఆలిసిజ్. మాట ఒక అక్షరం మేర పొడుగైంది. ఇక్కడ అక్షరం అంటే లిపిలోని గుర్తు కాదు, ఒక్క ఊపున పలికే భాగం.

ఇప్పుడు శ్రీనివాస్ దగ్గరకు వద్దాం. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు శ్రీనివాస్ పుస్తకం అనడానికి శ్రీనివాసిజ్ బుక్ అంటాం. రమేశిజ్ ఎలాగో శ్రీనివాసిజ్ అలాగే. పలకడంలో తేడా ఏమీ లేదు. అయినా రమేశ్ పేరుకు ’స్ చేర్చడానికి ఎవరూ సందేహించరు, శ్రీనివాస్ పేరు రాగానే కలం ఆగిపోతుంది. ఎందుకు? రమేశ్ ఇంగ్లీషులో హెచ్‌తో ముగుస్తుంది, శ్రీనివాస్ ఎస్‌తో ముగుస్తుంది, అంతే. ఆలిస్ కూడా చెవికి స్‌తోనే ముగుస్తుంది, కాని స్పెల్లింగులో చివరి అక్షరం ఈ కావడంతో మనకు సందేహం రాదు. అంటే ఈ సందేహం చెవిది కాదు, కంటిది. రెండు ఎస్‌లు పక్కపక్కన కనబడితే కంటికి ఎబ్బెట్టుగా ఉంటుంది. దాన్ని వ్యాకరణదోషమని పొరబడతాం.

కనుక మీరు పట్టుకోవలసిన సూత్రం ఇది: పలుకుబడిలో ఇజ్ అదనంగా వినిపిస్తే రాతలో ’స్ చేర్చండి. “జేమ్స్’స్ హౌస్”, జేమ్సిజ్ హౌస్. “థామస్’స్ బుక్”, థామసిజ్ బుక్. “బాస్’స్ రూమ్”, బాసిజ్ రూమ్. మీ సిలబస్‌లో ఉన్న కవి కీట్స్, నవలాకారుడు డికెన్స్ కూడా ఇంతే: “కీట్స్’స్ పోయెమ్స్”, “డికెన్స్’స్ నావెల్స్”.

బహువచనం సంగతి వేరు. పొయెట్స్ అంటే కవులు. కవుల పుస్తకాలు అనడానికి “పొయెట్స్’ బుక్స్” అని ఒట్టి అపాస్ట్రఫీ పెడతాం, పొయెట్స్ బుక్స్ అనే పలుకుతాం. అదనంగా ఏమీ పలకలేదు కనుక అదనంగా ఏమీ రాయలేదు. కీట్స్, పొయెట్స్ రెండూ చూడ్డానికి ఒకేలా ముగుస్తాయి. మొదటిది ఒక మనిషి పేరు, రెండోది బహువచనం. బడిలో నేను నేర్చుకున్న “ఎస్ పక్కన ఎస్ రాకూడదు” అనే మాట బహువచనాలకు సరిపోతుంది. దాన్ని ఏకవచనాలకు కూడా తగిలించడంతో వచ్చింది తంటా అంతా.

ఆ అపాస్ట్రఫీ ఎక్కడిది?

తెలుగులో రాయి అనే మాట షష్ఠిలో రాతి అవుతుంది: రాతి గోడ. ఇల్లు ఇంటి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది. మాట చివర మారుతుంది. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలన్నారు. సుమారు వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషు కూడా ఈ తరహా భాషే. అప్పట్లో రాయిని స్తాన్ అనేవారు, రాతి అనడానికి స్తానెస్. చివర చేరిన ఎస్ అనే ప్రత్యయమే నేటి ’స్‌కు పూర్వరూపం. కాలక్రమంలో అందులోని ఎ చాలా మాటల్లో పలుకుబడి నుంచి జారిపోయింది. బుసకొట్టే ధ్వనుల తర్వాత మాత్రం జారలేదు, జారితే పలకడానికి వీలుండదు కనుక. శ్రీనివాసిజ్‌లో మనకు వినబడే ఇ ఆ పాత అచ్చు మిగిల్చిన జాడే.

అపాస్ట్రఫీ గుర్తు 16వ శతాబ్దంలో ఇంగ్లీషు అచ్చులోకి వచ్చింది. ఒక అక్షరం లోపించిందని తెలపడం దాని పని. పొసెసివ్ రూపాల్లో దాన్ని స్థిరంగా వాడడం ఆ తర్వాత నెమ్మదిగా అలవాటైంది. బహువచనం తర్వాత అపాస్ట్రఫీ పెట్టడం ఇంకా ఆలస్యంగా, 18వ శతాబ్దంలో కుదురుకుంది. ఈలోగా ఒక తమాషా అపోహ కూడా నడిచింది. ఈ ప్రత్యయం హిజ్ అనే సర్వనామానికి సంక్షిప్తరూపమని కొందరు నమ్మి, విడదీసి రాసేవారు. బెన్ జాన్సన్ 1603లో ప్రదర్శించిన నాటకం పేరు “సెజేనస్ హిజ్ ఫాల్”. సెజేనస్ పతనం అని అర్థం. ఎస్‌తో ముగిసే పేరు పక్కన హిజ్ పెడితే పలకడానికి సుఖంగానే ఉంది. కాని రాణికి కూడా “క్వీన్’స్” అనే అంటారు కదా, అక్కడ ‘అతని’ ఎలా వచ్చింది? ఆ వాదం నిలవలేదు.

పండితులు కూడా ఒక్క మాట మీద లేరు

ఇప్పటిదాకా నేను చెప్పినదానికి విరుద్ధంగా ఉన్న అచ్చు మీకు కనబడుతుంది. అప్పుడు కంగారుపడకండి. ఈ విషయంలో ఇంగ్లీషువాళ్ళలోనే రెండు సంప్రదాయాలు ఉన్నాయి.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన విలియమ్ స్ట్రంక్ 1918లో తన విద్యార్థుల కోసం రచనా నియమాల చిన్న పుస్తకం అచ్చువేయించాడు. అందులో మొట్టమొదటి నియమమే ఇది: ఏకవచనం చివర ఏ హల్లు ఉన్నా సరే ’స్ చేర్చాలి. ప్రాచీనుల పేర్లు కొన్నింటిని మాత్రం మినహాయించాడు. పుస్తక ప్రచురణకర్తలు ఎక్కువగా అనుసరించే షికాగో మాన్యువల్ కూడా ఈ పక్షమే. దీనికి విరుద్ధంగా అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పద్ధతిలో ఎస్‌తో ముగిసే వ్యక్తుల పేర్లకు, ఊళ్ళ పేర్లకు ఒట్టి అపాస్ట్రఫీ చాలు: “డికెన్స్’ నావెల్స్”. అమెరికా పత్రికలు చాలావరకు దీన్ని పాటిస్తాయి. కనుక ఒకే రచయిత పేరు పుస్తకంలో ఒక విధంగా, పత్రికలో ఇంకో విధంగా కనబడవచ్చు.

ఈ భేదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కోర్టులో వాదించుకున్నారని కాదు, తీర్పులోనే కనబడింది. 2006లో అమెరికా సుప్రీంకోర్టు కాన్సస్ రాష్ట్రపు మరణశిక్ష చట్టం మీద తీర్పు చెప్పింది. న్యాయమూర్తులు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ క్లారెన్స్ థామస్ “కాన్సస్’” అని రాశారు. విభేదించిన జస్టిస్ సౌటర్ “కాన్సస్’స్” అని రాశారు. మొదటి న్యాయమూర్తి ఇంటిపేరే ఎస్‌తో ముగుస్తుంది కనుక ఆయన దీని గురించి మనకంటే ఎక్కువే ఆలోచించి ఉంటారు. ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానంలోనే రెండు రూపాలకూ చోటుంటే, మీ జవాబు పత్రంలో ఒకటి చూసి ఇది తప్పని కొట్టేయడం న్యాయం కాదు. దిద్దేవారికి ఈ మాట నేను చెబుతూనే వచ్చాను.

మరో రాష్ట్రం ఇంకా ముందుకు వెళ్ళింది. మన పత్రికలు దాన్ని ఆర్కాన్సాస్ అని రాస్తాయి, అక్కడివాళ్ళు మాత్రం ఆర్కన్‌సా అంటారు. చివరి ఎస్ పలకదు. ఆ పలుకుబడి గురించి వాళ్ళ శాసనసభ 1881లోనే తీర్మానం చేసింది. 2007లో మరో తీర్మానం చేసి పొసెసివ్ రూపానికి ’స్ ఉండాలంది. పలుకుబడి ప్రకారం చూస్తే అది సబబే. పేరులోని ఎస్ మూగది. ఆర్కన్‌సాజ్ అని పలికినప్పుడు వినిపించే ధ్వని చేర్చిన ఎస్‌దే. దాన్ని రాయకపోతే ఆ ధ్వనికి ఆధారం ఏది? ఫ్రెంచి తత్త్వవేత్త దేకార్త్ పేరు చివర కూడా ఇటువంటి మూగ ఎస్ ఉంది.

ఊళ్ళ పేర్లకు, సంస్థల పేర్లకు మన సూత్రం పనిచేయదు. వాళ్ళు ఎలా రాసుకుంటే అదే. లండన్‌లోని ఉద్యానవనం “సెయింట్ జేమ్స్’స్ పార్క్”. న్యూకాసిల్‌లోని ఫుట్‌బాల్ మైదానం “సెయింట్ జేమ్స్’ పార్క్”. లండన్‌లోనే ఉన్న ఆసుపత్రి “సెయింట్ థామస్’ హాస్పిటల్”. వాటిని సరిదిద్దే పని మనం పెట్టుకోవద్దు.

ఒట్టి అపాస్ట్రఫీ పెట్టే చోట్లు

ఇవి కొద్దిగానే ఉన్నాయి. మోజెస్, సోక్రటీస్, జీసస్ వంటి ప్రాచీన నామాలకు ఒట్టి అపాస్ట్రఫీ పెట్టడం పాత సంప్రదాయం. సోక్రటీస్‌ను ఇంగ్లీషులో సోక్రటీజ్ అంటారు. దానికి ఇంకో ఇజ్ చేర్చి సోక్రటీజిజ్ అని చూడండి, నాలుక తడబడుతుంది. అందుకే “సోక్రటీస్’ డెత్” అనేవారు ఎక్కువ. షికాగో మాన్యువల్ మాత్రం 2010 నాటి కూర్పు నుంచి వీటికీ ’స్ చేర్చమంటోంది. మీకు ఏది తోస్తే అది రాయండి.

రూపంలో బహువచనంగా ఉండి అర్థంలో ఒక్కటే అయిన పేర్లు మరో రకం. యునైటెడ్ స్టేట్స్ ఒక దేశమే అయినా స్టేట్స్ అనేది బహువచన రూపం. కనుక “ద యునైటెడ్ స్టేట్స్’ పాలసీ”. ఇక్కడ ఇజ్ పలకం, రాయం. “ఫర్ గుడ్‌నెస్’ సేక్” వంటి నానుడులు అలాగే గుర్తుపెట్టుకోవాలి.

బస్, క్లాస్, గ్లాస్ వంటి వస్తువాచకాలకు సూత్రం ప్రకారం ’స్ చేర్చవచ్చు. కాని చాలాసార్లు ఆ అవసరమే రాదు. బస్సు టికెట్టు అని మనం రెండు మాటల్ని పక్కపక్కన పెట్టినట్టే ఇంగ్లీషులోనూ “బస్ టికెట్”, “క్లాస్ టీచర్” అంటారు.

మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పులు

పైన చెప్పిన రెండు రూపాల్లో ఏది రాసినా ఆమోదయోగ్యమే. ఎవరూ ఆమోదించని మూడో రూపం ఒకటుంది. అది మన దుకాణాల బోర్డుల మీద తరచు కనిపిస్తుంది: “శ్రీనివా’స్”, “దా’స్”. పేరులో ఉన్న ఎస్‌నే విడగొట్టి ముందు అపాస్ట్రఫీ తగిలించడం. దీన్ని పట్టుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. అపాస్ట్రఫీ మొదలుకొని కుడివైపున ఉన్నదంతా వేలితో మూయండి. ఎడమవైపు పూర్తి పేరు మిగలాలి. శ్రీనివా అని మిగిలితే ఆ పేరుగల మనిషి లేడు.

రెండో చిక్కు మన మర్యాద వల్ల వస్తుంది. దాస్ గారు వచ్చారు అని ఒక్క మనిషికి బహువచన క్రియ వాడతాం. ఇంగ్లీషు రాసేటప్పుడు ఆ గౌరవ బహువచనం మనసులో మెదులుతూ ఉంటుంది. కాని అక్కడ దాస్ గారు ఒక్కరే: “మిస్టర్ దాస్’స్ డాటర్”. కుటుంబం మొత్తాన్ని చెప్పాలంటే మాత్రం బహువచనం కావాలి. జోన్స్ ఇల్లు “జోన్స్’స్ హౌస్”. జోన్స్ వాళ్ళ ఇల్లు “ద జోన్సెస్’ హౌస్”. మన వాళ్ళ అనే మాటకు ఇంగ్లీషులో ఇంత దగ్గరగా వచ్చే రూపం ఇంకొకటి నాకు తోచడం లేదు.

ఈ రెండింటినీ పలికి చూశారా? రెండూ జోన్సిజ్ అనే వినిపిస్తాయి. ఒక బాస్ గది, చాలామంది బాస్‌ల గది, రెండూ చెవికి బాసిజ్ రూమే. చెవి సూత్రం ఇక్కడ ఆగిపోతుందని ఒప్పుకోవాలి. ఇజ్ ఉందా లేదా అన్నది చెవి చెబుతుంది, ఒక్కరా పలువురా అన్నది చెప్పలేదు. అది మీరు అర్థాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. ముందు ఏకవచనమో బహువచనమో పూర్తిగా రాసుకుని, ఆ తర్వాతే అపాస్ట్రఫీ సంగతి చూడండి. ఒక్కరైతే బాస్ రాసి ’స్, పలువురైతే బాసెస్ రాసి ఒట్టి అపాస్ట్రఫీ.

ఇట్స్, హర్స్, అవర్స్, యువర్స్ సర్వనామాలు. పొసెసివ్ అర్థంలో వీటికి అపాస్ట్రఫీ రాదు.

పరీక్షలో ఏం రాయాలి? పేరు చివర ఎస్ ఉన్నా ’స్ చేర్చే పద్ధతినే ఈ కోర్సులో అనుసరిస్తున్నాం. మీకు రెండోది అలవాటైతే అదే రాయండి, కాని మొదటి పేజీలో “శ్రీనివాస్’స్”, మూడో పేజీలో “శ్రీనివాస్’” అని రాయకండి. మార్కులు పోయేది అక్కడే.

సాధన

వీటిని ఇంగ్లీషులో రాసి, పైకి చదివి, ఆ తర్వాతే కింది జవాబులు చూడండి: దేవదాస్ సైకిలు, థామస్ వాళ్ళ తోట, హోస్టెస్ చీర, రాజేశ్ ఉద్యోగం, కీట్స్ ఉత్తరాలు, బస్సు డ్రైవరు, నర్సుల హాస్టలు.

మొదటిది “దేవదాస్’స్”, దేవదాసిజ్. రెండోదాంట్లో వాళ్ళ ఉంది కనుక “ద థామసెస్’ గార్డెన్”. “హోస్టెస్’స్ సారీ” అని రాసేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగులో వరుసగా మూడు ఎస్‌లు వస్తాయి, అయినా సరే రాయండి. రాజేశ్ దగ్గర మీకు సందేహం రాకపోతే దేవదాస్ దగ్గర కూడా రానక్కరలేదు. “కీట్స్’స్ లెటర్స్” అని రాసి కీట్సిజ్ అనండి. బస్సు డ్రైవరుకు అపాస్ట్రఫీ పెట్టినవారు పై విభాగం మళ్ళీ చదవాలి. నర్స్ ఏకవచనం ఇంగ్లీషులో ఈ అక్షరంతో ముగుస్తుంది, బహువచనం నర్సెస్. పలువురు నర్సులు కనుక “నర్సెస్’ హాస్టల్”.

మీ ఊళ్ళో ఎస్‌తో ముగిసే పేరున్నవారు తప్పకుండా ఉంటారు. అలాంటి ముగ్గురి గురించి తలా అయిదు వాక్యాలు ఇంగ్లీషులో రాయండి. ఆఫ్ వాడకుండా, వారి ఇల్లు, పని, పిల్లల గురించి రాయాలి. వచ్చే తరగతికి ఆ కాగితం తీసుకొచ్చి పైకి చదివి వినిపించండి.